ఆరేళ్ళ స్విఫ్ట్, 38 వేల కిలోమీటర్లు: టైర్లు మార్చాలా, ఇంకొన్నాళ్ళు నడపొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2019లో కొన్న స్విఫ్ట్, ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉండేది తిరుపతిలో. కారు ఇంటి ముందు ఎండలోనే నిలబడి ఉంటుంది, వారానికి ఒకటి రెండు సార్లు తీస్తారు. నెలకోసారి మదనపల్లెలో అత్తగారింటికి, అప్పుడప్పుడు తిరుమల కొండకి. అలైన్‌మెంట్ (చక్రాల వంపు సరిచేయడం) చేయించడానికి వెళ్తే షాపువాళ్ళు నాలుగు టైర్లూ మార్చమని ఇరవై రెండు వేలు చెప్పారు. మీ బావమరిదేమో "చిన్న కారు టైర్లు అరవై వేలు సులభంగా వస్తాయి, అమ్ముకోవడానికి చెప్తున్నారు" అన్నారు. మీ కంటికి గ్రిప్ (రోడ్డుకు తగిలే గాడుల భాగం) సగం దాకా ఉంది. స్టెప్నీ ఒక్కసారి కూడా వాడలేదు కాబట్టి దాన్ని కలుపుకుని మూడే కొంటే సరిపోదా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మార్చండి, నాలుగూ మార్చండి. రేపే పరుగెత్తాల్సిన పని లేదు, అక్టోబర్ వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి. షాపువాళ్ళు మిమ్మల్ని మోసం చేయడం లేదు. మీ బావమరిది చెప్పిన అరవై వేల లెక్క కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఆయన కిలోమీటర్లు చూస్తున్నారు, మీ టైర్లకు తీరిపోయింది వయసు. మన ఊళ్ళో, అందులోనూ తక్కువ తిరిగే కార్లకు, టైరు అరిగి పోవడం కంటే ఎండి పోవడమే ఎక్కువ. రేణిగుంట రోడ్డులో టైర్లు, అలైన్‌మెంట్ పనిలో చాలా ఏళ్ళున్నాను. గ్రిప్ నిండుగా ఉన్న టైరు పక్క గోడ చీలి రావడం ఎన్నోసార్లు చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కిలోమీటర్ల సంగతి ముందు తేల్చేద్దాం. రోజూ తిరిగే చిన్న కారుకు, గాలి సరిగా చూసుకుంటే, కారుతో పాటు వచ్చిన టైర్లు 40 నుంచి 50 వేల కిలోమీటర్లు వస్తాయి. చెన్నై, బెంగళూరు హైవేల మీదే ఎక్కువ తిరుగుతూ, నిదానంగా నడిపేవాళ్ళకు 60 వేలు దాటిన టైర్లూ ఉన్నాయి. అదే కొండ మీదకు ట్రిప్పులు కొట్టే టాక్సీ తీసుకోండి, ముందు టైర్లు అందులో సగం దూరానికే గుండు అయిపోతాయి. మన చిన్న కార్లలో దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవే. ఎక్కేటప్పుడు బండిని లాగడం, మలుపు తిప్పడం రెండు పనులూ ముందు టైర్ల మీదే పడతాయి. దిగేటప్పుడు బ్రేక్ వేసిన ప్రతిసారీ బండి బరువు ముందుకు ఒరుగుతుంది, మలుపులో బయటివైపు అంచు రోడ్డుకు రాసుకుంటుంది. ఘాట్ రోడ్డులో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదని టీటీడీ పెట్టిన నియమం ప్రాణాల కోసం పెట్టింది. దాన్ని నిజంగా పాటించే డ్రైవరుకు టైర్లూ, బ్రేకులూ కూడా ఎక్కువ కాలం వస్తాయి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ మీద దించండి, బ్రేకు మీద కాలు పెట్టి దించొద్దు. మీరు మదనపల్లెకు పీలేరు మీదుగానే వెళ్తారు కదా, భాకరాపేట ఘాట్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

కాబట్టి "చిన్న కారు టైరు ఇన్ని వేలు వస్తుంది" అనే ఒకే అంకె లేదు. ఏ రోడ్డు, ఎంత గాలి, ఎంత బరువు, ఎవరి కాలు అన్నదాన్ని బట్టి అది సగానికి పడిపోవచ్చు, లేదా ఒకటిన్నర రెట్లు కావచ్చు.

ఇప్పుడు అసలు విషయం, వయసు. మీరు పంపిన ఫొటోలో టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత వరసగా వచ్చే గుర్తుల చివర, కోడిగుడ్డు ఆకారపు గీత లోపల 0819 అని ఉంది. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2019లో ఎనిమిదో వారం, ఫిబ్రవరి నెలలో తయారైన టైరు. ఈ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒక పక్కే ఉంటాయి. మీకు రెండు టైర్ల మీద కనిపించలేదన్నారు, అవి బండి లోపలి వైపు తిరిగి ఉంటాయి. ఫోను కిందికి పెట్టి ఫొటో తీస్తే తెలుస్తుంది.

టైరు రబ్బరు ఎండిపోయేది వేడి వల్ల, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వల్ల. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగం అందుకుంటుంది. దాన్ని ఆపడానికి తయారీలోనే రబ్బరులో మైనం లాంటి పదార్థాలు, రక్షణ రసాయనాలు కలుపుతారు. టైరు రోడ్డు మీద తిరుగుతూ నొక్కుకుంటూ సాగుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి వచ్చి పొరలాగా కాపాడతాయి. బండి కదలకుండా నిలబడితే ఆ పొర సరిగా ఏర్పడదు. అందుకే రోజూ తిరిగే టాక్సీ టైరు మెత్తగా ఉండి అరిగిపోతుంది, వారమంతా ఎండలో నిలబడ్డ ఇంటి కారు టైరు గ్రిప్ ఉండగానే పగుళ్ళు తేలుతుంది. డ్రాయర్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండును సాగదీసి చూడండి, మీ టైరు గోడలో జరుగుతున్నది అదే. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో గాలి వేడే 40 దాటుతుంది. నల్ల టైరు, దాని కింద కాలే సిమెంటు నేల, ఆ రెంటి మధ్య వేడి ఇంకెంత ఉంటుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది.

చాలా కార్ల కంపెనీలు గ్రిప్ ఎంత ఉన్నా ఆరేళ్ళకు టైర్లు మార్చమంటాయి. మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీ ఐదేళ్ళు దాటాక ఏడాదికోసారి చూపించుకోమని, పదేళ్ళయితే ఎలా ఉన్నా తీసేయమని చెప్తుంది. ఆ పదేళ్ళ మాట పట్టుకుని మన ఎండలో నడపడం నాకు ఇష్టం లేదు. నీడలో పెట్టే బండికి ఆరేళ్ళు, ఎండలో పెట్టే బండికి ఐదేళ్ళు దాటగానే అనుమానంగా చూడటం, ఇదీ నేను అందరికీ చెప్పే లెక్క. మీ ఫొటోలో పక్క గోడ అక్షరాల చుట్టూ, గ్రిప్ గాడుల అడుగున సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తున్నాయి. అవి పైపైనే ఉన్నంతవరకు టైరు వెంటనే పేలదు. గోరు దిగేంత లోతుగా అయినా, గోడ మీద ఎక్కడైనా ఉబ్బు కనిపించినా ఆ టైరు మీద ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. ఉబ్బు అంటే లోపలి దారాలు తెగిపోయాయని అర్థం, దానికి రిపేరు లేదు.

టైర్లు నల్లగా మెరవడానికి వాటర్ వాష్‌లో కొట్టే నూనె పాలిష్ కూడా వద్దు. పెట్రోలియం నూనెలతో చేసినవి రబ్బరుకు మంచివి కావు. మామూలు నీళ్ళు, సబ్బు చాలు.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనవాళ్ళలో ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. "ఎండాకాలం కదా, టైరు పేలుతుంది, నాలుగు పాయింట్లు తక్కువ పెట్టు" అంటారు (పాయింటు అంటే గాలి ఒత్తిడి కొలత, పీఎస్ఐ). దీనివల్లే టైర్లు పేలుతున్నాయి. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఎక్కువగా నలుగుతుంది. నలిగేకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. హైవేలో వంద మీద వెళ్తున్నప్పుడు ఇది జరిగితే బండి మన చేతిలో ఉండదు. ఎండాకాలమైనా చలికాలమైనా పెట్టాల్సిన గాలి ఒక్కటే. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఎన్ని పాయింట్లో రాసి ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి ఒక అంకె, నిండు లోడుకు ఇంకో అంకె ఇచ్చి ఉంటే, ఐదుగురు సామానుతో బయల్దేరే రోజు రెండోది పెట్టించండి. టైరు గోడ మీద 44 అనో 51 అనో రాసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మనం పెట్టాల్సినది కాదు.

గాలి చూడాల్సింది బండి చల్లగా ఉన్నప్పుడు. కనీసం మూడు గంటలు నిలబడి ఉండాలి, లేదా ఇంటి నుంచి బంకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపే ఉండాలి. వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే టైరులో దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున తిరుపతిలో 32 పెట్టి బయల్దేరితే పీలేరులో 36, 37 చూపించడం సహజం. టైరు తయారు చేసినవాళ్ళు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే చేశారు. అక్కడ ఆగి, ఎక్కువైందని గాలి తీయిస్తే, మర్నాడు పొద్దున చల్లారాక 27, 28కి పడిపోయి ఉంటుంది. దారిలో గాలి తీయించడం మానేయండి. చేతిలో పట్టే గేజి ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. బంకుల్లో గేజీలు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయి. నైట్రోజన్ పెట్టించాలా అని చివర్లో అడిగారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. డబ్బులు పెట్టి అది పెట్టించడం కంటే రెండు వారాలకోసారి మామూలు గాలి చూసుకోవడం చాలా మేలు.

ఇక అరుగుదల. కొత్త టైరు గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారుకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే ఆ హద్దు వచ్చేసినట్టే. గోడ అంచు మీద చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉన్నచోట నేరుగా లోపలికి చూస్తే ఆ దిమ్మె కనిపిస్తుంది. కానీ అది చట్టం పెట్టిన హద్దు. వానలో నీళ్ళను పక్కకు నెట్టే శక్తి అంతకంటే చాలా ముందే, మూడు మిల్లీమీటర్ల దగ్గరే బాగా తగ్గడం మొదలవుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టినప్పుడు వస్తాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు, ఘాట్ రోడ్లు ఎలా అయ్యాయో మీరూ చూసే ఉంటారు. అలాంటి వానలో ఘాట్ దిగడానికి మూడు మిల్లీమీటర్ల ముందు టైర్లు నాకు చాలవు. మీరు కొలిపించిన లెక్కలో ముందువి మూడున్నర, వెనకవి ఐదు. అంటే వయసు సంగతి పక్కన పెట్టినా, ముందు రెండూ ఈ వానాకాలం గడిచేసరికి వెళ్ళిపోయేవే.

ముందు టైర్లు ఎలా అరిగాయో కూడా చూడండి. ఫొటోలో రెండు అంచులూ అరిగి మధ్య భాగం నిలబడి ఉంది. ఇది గాలి తక్కువతో తిరిగిన గుర్తు, దానికి ఘాట్ మలుపులు తోడయ్యాయి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువని. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయిందని. అరచేతిని టైరు మీద అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్ళలా తగిలినా అలైన్‌మెంటే. అక్కడక్కడా గుంతలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు చూపించాలి. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ లారీలు, సీజన్‌లో మామిడి లారీలు తిరిగే రోడ్లలో గుంతలు ఎక్కువ. ఒక పెద్ద గుంతలో గట్టిగా పడితే, స్టీరింగ్ ఒక పక్కకు లాగినా లాగకపోయినా ఆ వారంలోనే అలైన్‌మెంట్ చూపించుకోండి. మిగతా సమయాల్లో పది వేల కిలోమీటర్లకు ఒకసారి అలైన్‌మెంట్, టైర్ల స్థానాల మార్పిడి (రొటేషన్) రెండూ కలిపి చేయించుకుంటే సరిపోతుంది. మార్పిడిలో ముందు టైర్లు అదే పక్కన వెనక్కి, వెనకవి ఎడమకుడిలు మార్చి ముందుకు రావాలి. బాణం గుర్తుండే టైర్లయితే పక్కలు మార్చకూడదు. మీ బండికి ఒక్కసారి కూడా మార్పిడి జరగలేదని ముందుకీ వెనక్కీ ఉన్న తేడాయే చెప్తోంది.

స్టెప్నీ విషయం. దాని మీద తారీఖు చూడండి, అదీ 2019దే అయి ఉంటుంది. డిక్కీలో ఎండ తగలకపోయినా, రబ్బరుకు వయసు వస్తూనే ఉంటుంది. గ్రిప్ కొత్తగా ఉన్నా దాన్ని మూడు కొత్త టైర్లతో కలిపి రోజువారీ తిప్పడం తప్పు. ఒకే ఇరుసుకు ఒక పక్క కొత్తది, ఒక పక్క గట్టిపడిన పాతది ఉంటే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఇరవై రెండు వేలు ఒకేసారి కష్టమైతే రెండు టైర్లు ఇప్పుడు, మిగతా రెండూ మరో మూడు నాలుగు నెలల్లో మార్చుకోవచ్చు. ఆ కొత్త రెండూ వెనక చక్రాలకు వేయించండి. ఇక్కడ చాలా షాపుల్లో "ముందు చక్రాలే కదా లాగేది" అని కొత్తవి ముందుకు వేసేస్తారు. పేరున్న టైర్ల కంపెనీలు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మళ్ళీ దారికి వస్తుంది. వెనక టైర్లు జారితే బండి గిరుక్కున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిచేయలేడు. షాపువాళ్ళు వాదించినా సరే, ఈ విషయంలో తగ్గకండి. మీ వెనక పాతవి రెండూ ముందుకు వస్తాయి, వాటితో ఆ మూడు నాలుగు నెలలూ ఊళ్ళోనే తిరగండి.

కొనేటప్పుడు నేను బ్రాండు కంటే ముందు తారీఖు చూస్తాను. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, వీటిలో ఏదైనా మీ వాడకానికి సరిపోతుంది. అపోలో ఫ్యాక్టరీ అయితే మన జిల్లాలోనే, చిన్నపండూరులో ఉంది, 2020లో మొదలైంది. అయితే ఫ్యాక్టరీ పక్కనే ఉన్నంత మాత్రాన షాపులో ఉన్న టైరు తాజాదని అనుకోవద్దు. తయారై ఆరు నెలల లోపుదైతే మంచిది, ఏడాది దాటినది వద్దనండి. నాలుగింటికీ విడివిడిగా చూడండి, ఒకటి పాతది కలిపేసే అవకాశం ఉంటుంది. సైజు ఇప్పుడున్నదే, 165/80 ఆర్ 14. దాని పక్కన 85 టి అని ఉంటుంది: 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని. ఈ రెండింటిలో ఏదీ తగ్గకూడదు, పెరిగితే పర్వాలేదు. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి అసలు పోవద్దు. అరిగిపోయిన టైరుకు కత్తితో కొత్త గాడులు కోసి అమ్ముతారు. కారు టైరుకు గాడి కింద మిగిలేది కాస్త రబ్బరే, దాన్ని కోస్తే దాదాపు తీగల దాకా వచ్చేసినట్టే.

వేయించే రోజు గాలి ఎక్కించే రబ్బరు వాల్వులు కూడా కొత్తవి పెట్టించండి, వాటికీ ఆరేళ్ళే. బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం) నాలుగింటికీ చేయించాలి, అలైన్‌మెంట్ కొత్త టైర్లు ఎక్కాక చివర్లో చేయించాలి. ఇప్పుడు పాత టైర్ల మీద చేయించుకుని మళ్ళీ అప్పుడు డబ్బులు కట్టొద్దు. బిల్లు మీద టైర్ల నంబర్లు రాయించుకుంటే రేపు వారంటీకి పనికొస్తుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి బిగుతు చూపించండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగం మలుపులు లేకుండా నడపండి, కొత్త టైరు పై పొర నున్నగా ఉండి వానలో జారుతుంది.

తర్వాత పంక్చర్ అయితే, రోడ్డుకు తగిలే మధ్య భాగంలో, ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే రిపేరు చేయించండి. పక్క గోడకు మేకు దిగితే ఎవరు అతికిస్తామన్నా ఒప్పుకోవద్దు.

ఈ లోపల మదనపల్లె వెళ్ళాల్సి వస్తే పొద్దున్నే బయల్దేరండి, ఎనభై దాటొద్దు, గాలి స్టిక్కర్ ప్రకారం చూసుకుని బయల్దేరండి. మధ్యలో ఆగినప్పుడు నాలుగు టైర్లకూ చుట్టూ ఒకసారి చెయ్యి పెట్టి ఉబ్బులు చూడండి. అందరితో కలిసి నిండు లోడుతో కొండకు వెళ్ళే ప్రయాణం మాత్రం కొత్త టైర్లు వేసుకున్నాకే పెట్టుకోండి. పాత స్టెప్నీని డిక్కీలోనే ఉంచండి, పంక్చర్ షాపు దాకా నిదానంగా వెళ్ళడానికి అది ఇంకో ఏడాది పనికొస్తుంది. నెలకోసారి దానిలోనూ గాలి చూసుకోండి.